మస్జిదు నేల కోసం బేతంచర్ల దాకా

కర్నూలు పాతబస్తీలో మేము పాఠాలు చెప్పే మదరసాకు ఆనుకొని ఒక చిన్న మస్జిదు ఉంది. లోపల ఏడు సఫ్‌లు, బయట సహన్‌లో మరో అయిదు. నేలంతా నాపబండలే. మా ముందుతరం వారు వాటిని బేతంచర్ల నుంచి ఎద్దుల బండ్ల మీద తెప్పించి పరచారని పెద్దలు చెబుతారు. వేసవి మొదలు కాగానే లోపలి చాపలన్నీ చుట్టి ఒక మూల నిలబెట్టడం ఇక్కడి ఆనవాయితీ. కర్నూలు ఎండలో నడిచి వచ్చినవాడు జుహర్ నమాజులో ఆ వట్టి బండపై నుదురు ఆనిస్తే కలిగే హాయి చెప్పనలవి కాదు. ఇమాము వెనుక మొదటి సఫ్‌లోని బండలకు ఒక ప్రత్యేకమైన నునుపు ఉండేది. అది ఏ యంత్రమూ పెట్టినది కాదు. పాదాలు, మోకాళ్లు, అరచేతులు ఎన్నో ఏళ్లపాటు రాపాడగా వచ్చినది.

ఆ నునుపును మేము ఒక్క పూటలో పోగొట్టాము. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మా మస్జిదులోనూ నిలువెత్తు నీరు నిలిచింది. నీరు తీసిన తరువాత పారలతో బురద ఎత్తిపోశాము. బండలు పగలలేదు గానీ కొన్ని కుంగాయి. అతుకులలో ఒండ్రు చేరి గట్టిపడింది. గోడల వారగా గోధుమరంగు చారలు మిగిలిపోయాయి. ఆ తరువాత ప్రతి ఏటా రమజానుకు ముందు విద్యార్థులూ మేమూ కలిసి కొబ్బరిపీచుతో తోమేవాళ్లం. చారలు పలచబడ్డాయే తప్ప పోలేదు. గత షాబాన్ నెలలో ఎవరో మరుగుదొడ్లు కడిగే యాసిడ్ వాడి చూడమన్నారు. వెల తక్కువ, శ్రమా తక్కువ. మేమే దుకాణానికి వెళ్లి పన్నెండు సీసాలు కొని తెచ్చాము.

పోయగానే బండ బుసబుసమని పొంగింది. ఆ నురగను చూసి మురికి వదులుతోందని సంబరపడ్డాము. ఘాటుకు విద్యార్థులిద్దరూ దగ్గుతూ సహన్‌లోకి పరుగెత్తారు. మేము, మువజ్జిన్ సాహెబ్ ముక్కులకు రుమాళ్లు కట్టుకొని పని ముగించాము. తొమ్మిది సీసాలు ఖర్చయ్యాయి. మరునాడు ఫజర్ వేళకు చారలు చాలావరకు కనిపించలేదు. వాటితో పాటు నేల కళ కూడా పోయింది. పిండి చల్లినట్టు తెల్లగా, చేత్తో తడిమితే గరుకు కాగితంలా తయారైంది. వారం గడిచినా చెమ్మ ఆరలేదు. తరావీహ్ ముగించుకొని వెళ్లేవారి తెల్లని పైజామాలకు మోకాళ్ల దగ్గర బూడిదరంగు పొడి అంటుకొనేది.

పండుగ తరువాత కమిటీ కూర్చుంది. బండలకు కాలం చెల్లిందని, పెకలించి టైల్స్ పరిపించాలని, ఇందుకు మొహల్లాలో చందా ఎత్తాలని ప్రతిపాదన వచ్చింది. మా మొహల్లాలో చందా అంటే ఆటో నడిపేవారు, తోపుడుబండి వ్యాపారులు, మెకానిక్ షాపుల కుర్రవాళ్లు రోజు సంపాదనలోంచి తీసి ఇచ్చే డబ్బు. యాసిడ్ సంగతి తెలిసినవారు అక్కడ ఇద్దరమే. మువజ్జిన్ సాహెబ్ మా వైపు చూశారు. మేము తల దించుకున్నాము. అప్పుడు నోరు తెరచి నిజం చెప్పవలసింది పోయి, ఒక ఫిఖహ్ మసలాను అడ్డం పెట్టుకున్నాము. మస్జిదు బండలు వక్ఫ్ సొత్తు, పెకలించిన తరువాత వాటిని ఎక్కడ పడితే అక్కడ పారవేయరాదు, ఈ విషయం తేల్చుకోవాలి, ఒక నెల గడువు ఇవ్వండి అన్నాము. మసలా సరైనదే. దాన్ని వాడుకున్న తీరు సరైనది కాదు. ముతవల్లి సాహెబ్ మా మాటకు విలువిచ్చి గడువు ఇచ్చారు. ఆ విలువ మాకు భారమైంది.

బక్రీద్ సెలవులలో మేము, మువజ్జిన్ సాహెబ్ బస్సెక్కి డోన్ మీదుగా బేతంచర్లకు బయలుదేరాము. మూలన విరిగి ఊడివచ్చిన అరచేయంత బండముక్కను తువ్వాలులో చుట్టి వెంట తీసుకున్నాము. డోన్ దాటిన తరువాత నేల రాళ్లమయం. బేతంచర్ల సమీపించే కొద్దీ రోడ్డుకు ఇరువైపులా పనికిరాని రాతిముక్కల గుట్టలు, ఆరబెట్టిన తెల్లటి రొచ్చు, వరుసగా నిలబెట్టిన బండలు కనిపించసాగాయి. ఈ ప్రాంతంలో రాయి ఇటుక కన్నా చవక. పొలాల గట్లకు, పశువుల కొట్టాలకు కూడా బండలనే నిలువుగా పాతుతారు. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు బేతంచర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వంటి రాతి ఊళ్లు నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి గానీ, పాతతరానికి ఇవన్నీ ఇప్పటికీ కర్నూలే.

నాపరాయి సున్నపురాయి జాతిది. కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ ఉండిన నిస్సారపు సముద్రపు అడుగున సన్నని మేటలు పొరలు పొరలుగా పేరుకొని రాయిగా మారాయి. అందుకే గనిలో సమ్మెట, ఉలి ఉన్న మనిషి పొర చూసి కొడితే బండ పుస్తకం పుటలా విడివడుతుంది. శిలాశాస్త్రజ్ఞులు ఈ నేల రాళ్లకు మన ఊళ్ల పేర్లే పెట్టారు. అడుగున ఉన్నవి కడప శిలాసమూహం, వాటి మీద ఉన్నవి కర్నూలు శిలాసమూహం. నల్లనిది, బూడిదరంగుది, పచ్చని ఛాయ గలది, మీగడరంగుది అంటూ గని మారితే రంగు మారుతుంది.

మేము వెళ్లిన పాలిష్ ఫ్యాక్టరీలో యంత్రాల హోరులో మాట వినబడే పరిస్థితి లేదు. బల్లపై బండను పరచి, పైనుంచి తిరిగే చక్రానికి రుద్దుడు రాళ్లు బిగించి, నీటిధార ఆగకుండా వదులుతున్నారు. పాలవంటి నీరు కాలువలోకి పోతోంది. నీటిధార వేడిని తగ్గించడానికి మాత్రమే కాదు, పొడి లేవకుండా ఉండటానికి కూడా. రాతిపొడి ఊపిరితిత్తులకు చేటు. పొడిగా కోసే చోట పనివారు ముఖానికి గుడ్డ చుట్టుకొని ఉన్నారు. ఆ గుడ్డ సరిపోదని చూస్తేనే తెలుస్తోంది.

పాత నేలలు బాగుచేసే మిస్త్రీ కావాలని అడిగితే ఒక పెద్దాయనను చూపించారు. దూదేకుల వారు. అరవై దాటి ఉంటాయి. మా తువ్వాలులోని ముక్కను తీసుకొని, బొటనవేలితో కాస్త నీళ్లు రాశారు. తెల్లబారిన ముక్క ఒక్కసారిగా నల్లని ఆకుపచ్చ రంగులోకి తిరిగింది. ఆరగానే మళ్లీ తెల్లబడింది.

"తడిపితే రంగు వచ్చె. రాయికి ఏమీ కాలేదు హజరత్, పైపైన కాలింది అంతే. ఎవరు పోసినారు యాసిడ్?"

"మేమే" అన్నాము. ఆ మాట నోటివెంట రావడం అదే మొదటిసారి.

ఆయన ఆశ్చర్యపోలేదు. పండగ ముందర సగం ఊర్లు ఇదే పని చేస్తాయన్నారు. తరువాత, ఉన్నచోటే నిలబడి మాకు గంటసేపు పాఠం చెప్పారు. మెరుగు పెట్టడమంటే రాతికి ఏదో పూయడం కాదు. రాతిపై గీతలు ఉన్నాయి. వాటి కన్నా సన్నని గీతలు గీసి వాటిని చెరపాలి. ఆ సన్నని గీతలను మరింత సన్నని వాటితో చెరపాలి. కంటికి గీత కనిపించనంత సన్నం కాగానే మనం దాన్ని మెరుపు అంటాము. రుద్దుడు రాళ్లకు అంకెలు ఉంటాయి. 60, 120, 220, 400, ఇంకా పైకి. అంకె పెరిగే కొద్దీ రేణువు చిన్నదవుతుంది. పని త్వరగా ముగించాలని 60 తరువాత ఒక్కసారిగా 400కు దూకితే మొదటి గీతలు అడుగున అట్లాగే ఉండిపోతాయి. ఎంత రుద్దినా పోవు. ఒక అంకె ముగిసి మరొకటి మొదలయ్యే ముందు నేలను బాగా కడగాలి. ముతక రేణువు ఒక్కటి మిగిలినా చక్రం కింద పడి బారెడు గీత గీస్తుంది. ఎంతవరకు వచ్చిందో చూడాలంటే నేల ఆరనిచ్చి, కూర్చొని, వెలుతురుకు ఏటవాలుగా చూడాలి. తడి నేల ఎప్పుడూ అందంగానే ఉంటుంది, దాన్ని నమ్మరాదు.

మదరసాలో సర్ఫ్ తరువాత నహ్వ్, నహ్వ్ తరువాత పై కితాబులు అని మేము వరుస తప్పనివ్వము. ఆయన మాట మాకు వెంటనే తలకెక్కింది.

నేల ఇంకా ఎందుకు చెమ్మగా ఉందని అడిగాము. యాసిడ్ సున్నపురాతిని తిన్నప్పుడు రాయి ఒక ఉప్పుగా మారుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. అందువల్ల ముందు ఆ ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి, వంటసోడా కలిపిన నీళ్లు ఒకసారి పట్టించి మళ్లీ కడగాలి. "నీళ్లే హజరత్. మొదటి నుంచీ నీళ్లే వాడి ఉంటే నా దగ్గరికి వచ్చే పని లేకుండె" అన్నారు.

ఆ మాట విని మువజ్జిన్ సాహెబ్ మా వైపు తిరిగి చిన్నగా నవ్వారు. ఎందుకో మాకు అర్థమైంది. ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదె నబవీలో మూత్రం పోసినప్పుడు సహాబాలు అతనిపై విరుచుకుపడబోతే, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని ఆపి, ఆ చోట ఒక బొక్కెన నీళ్లు పోయమన్నారు. ఈ హదీసును మేము ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెబుతున్నాము. అందులోని ఓర్పును గురించి, సౌమ్యతను గురించి ఎంతో వివరిస్తాము. బొక్కెన నీళ్లను గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

వారం తరువాత వస్తానని మిస్త్రీ మాట ఇచ్చారు. సహన్‌లో పగిలిన బండలు పద్నాలుగు. వాటి స్థానంలో వేయడానికి మీగడరంగువి ఎంచుకోమన్నది కూడా ఆయనే. నల్లబండ ఎండలో పెనంలా కాలుతుంది, లేతరంగు వేడిని తిప్పికొడుతుంది. కాబా చుట్టూ తవాఫ్ చేసే ప్రాంగణంలో పరచిన తెల్లని చలువరాయి గ్రీసు దేశపు థాసోస్ దీవి నుంచి వచ్చింది. మండుటెండలోనూ అక్కడ పాదాలు కాలవని హాజీలు చెప్పుకొనేది ఆ రాతి గుణాన్ని గురించే. మాకు థాసోస్ దాకా పోవలసిన పని లేదు. గ్రీసు రాయి కాకపోయినా, బేతంచర్లలో మా మస్జిదుకు సరిపోయేంత లేతరంగు రాయి ఉంది.

మా చెల్లెలు కడపలో ఉంటుంది. వచ్చినవాళ్లం వచ్చాము గనుక అటు కూడా చూసి వెళ్లాలని బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల వైపు బస్సెక్కాము. దారిలో బెలుం గుహల దగ్గర దిగాము. నిజానికి మువజ్జిన్ సాహెబ్ ఎన్నడూ చూడలేదంటే దిగాము. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే శిలాశాస్త్రజ్ఞుడు ఈ గుహలను గురించి రాశాడు. 2002 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. లోపల ఉక్కపోత. గోడలు నునుపుగా, ఒంపులు తిరిగి, ఎవరో అరచేతులతో నిమిరినట్టు ఉన్నాయి.

ఇది కూడా సున్నపురాయే. వాననీరు గాలిలోనుంచి, నేలలోనుంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకొని అతి పలచని ఆమ్లమవుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలోకి ఇంకి, కొంచెం కొంచెంగా కరిగించి, లెక్కపెట్టలేనన్ని వేల ఏళ్లలో ఈ దారులను తొలిచింది. మేము ఆ గోడపై చేయి వేసి నిలబడ్డాము. అల్లాహ్ ఆజ్ఞతో నీటిబొట్టు ఇంత ఓపికగా చేసిన పనినే మేము తొమ్మిది సీసాలతో ఒక పూటలో చేశాము. నీటిబొట్టు చేసినది చూడటానికి జనం టికెట్ కొని వస్తున్నారు.

జమ్మలమడుగు చేరాక గండికోటకు వెళ్లి రావడానికి సగం పూట పట్టింది. పెన్నా లోయ, కోట, జామియా మస్జిదు గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మాకు ఆసక్తి కలిగించినది లోయ గోడల ఎర్రరాయి. అక్కడ సోడాబండి వద్ద నిమ్మకాయ సోడా తాగి, పిండిన బద్దను అడిగి తీసుకున్నాము. దారి పక్కన పడి ఉన్న ఎర్రరాతి ముక్కపై ఒక చుక్క, మా తువ్వాలులోని నాపముక్కపై ఒక చుక్క వేశాము. నాపరాయిపై సన్నని బుడగలు లేచాయి. ఎర్రరాయి చలించలేదు. అది ఇసుకరేణువులు కరడుగట్టి ఏర్పడిన క్వార్ట్‌జైట్, ఆమ్లానికి లొంగదు. ఇంట్లో నేల ఏ రాయో తెలియనివారు ఏదైనా కడుగుడు మందు పోసే ముందు, ఎవరికీ కనబడని ఒక మూల ఇట్లా ఒక నిమ్మచుక్క వేసి చూసుకోవచ్చు. వెంటనే తుడిచివేయడం మరవరాదు. సోడాబండి కుర్రవాడు మా ఇద్దరి గడ్డాలను, మా రాళ్లను మార్చి మార్చి చూశాడు.

కడప పేరు 2005 నుంచి ఇంగ్లీషులోనూ పలికినట్టే రాస్తున్నారు గానీ, బొంబాయి వంటిళ్లలో మాత్రం ఈ పేరు ఎప్పటినుంచో ఉంది. అక్కడ వంటగట్టుకు వేసే నల్లరాయిని 'కడప్పా' అనే అంటారు. అది ఒక ఊరి పేరని అక్కడి చాలామందికి తెలియదు. మా చెల్లెలి వంటగట్టు కూడా ఆ నల్లబండే. వారానికొకసారి రెండు చుక్కల కొబ్బరినూనె గుడ్డతో రాసి తుడుస్తుంది. నిగనిగలాడుతూ ఉంది. భోజనాల తరువాత మా కథ విని నవ్వు ఆపుకోలేకపోయింది.

"నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని గదా భాయీజాన్! కాపురానికి వచ్చిన కొత్తలో ఇత్తడి చెంబు చింతపండుతో తోమి ఈ గట్టు మీద బోర్లించాను. తెల్లారేసరికి గుండ్రంగా మచ్చ. ఇదిగో, ఇప్పటికీ ఉంది. అత్తగారు అప్పుడే చెప్పింది, ఈ రాతికి పులుపు పడదని."

వేలితో చూపించింది. ఉంగరంలా తెల్లని గీత. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, పెరుగు దేనివల్లనైనా ఇదే జరుగుతుంది, త్వరగా తుడిస్తే మచ్చ పడదు. ఊరగాయ నూనె ఇంకిన చోట సుద్దపొడినో ముల్తానీ మట్టినో సబ్బునీళ్లతో ముద్దచేసి మందంగా పట్టించి, రాత్రంతా ప్లాస్టిక్ కాగితం కప్పి ఉంచి, మరునాడు ఆరనిచ్చి ఎత్తేస్తుందట. మట్టి నూనెను పీల్చుకుంటుంది, ఒకసారికి పోకపోతే మూడుసార్లు. గోడల వారగా తెల్లని ఉప్పు పొంగితే నీళ్లతో కడగదు, పొడి చీపురుతోనే ఊడుస్తుంది. కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ రాతిలోకే పోతుంది. ఇంకొక మాట కూడా చెప్పింది, దీన్ని మాత్రం పాఠక సోదరీమణులు తప్పక గుర్తుంచుకోవాలి. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ ఎన్నడూ ఒకేచోట కలపరాదు. ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది. మా మస్జిదులో ఆనాడు బ్లీచింగ్ డబ్బా కూడా పక్కనే ఉందని తలచుకొని, మేమూ మువజ్జిన్ సాహెబ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ ఇద్దరు పిల్లలు వేరొకరి బిడ్డలు, మాకు అప్పగించిన అమానతు. అల్హందులిల్లాహ్, అల్లాహ్ కాపాడాడు.

కర్నూలు తిరిగి వచ్చిన రోజే ఇషా తరువాత కమిటీని కూర్చోబెట్టి జరిగినది జరిగినట్టు చెప్పాము. వక్ఫ్ మసలా ఎత్తిన కారణం కూడా చెప్పాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక యువకుడు, "మౌలానా, ఇది ఆ రోజే చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. అతడు ఆగిపోవడం కన్నా మాట పూర్తి చేసి ఉంటే మాకు తేలికగా ఉండేది. ముతవల్లి సాహెబ్ మాత్రం, "మిస్త్రీ ఎన్నడు వస్తాడు?" అని అడిగారు. ఖర్చులో సగం మా జీతంలోంచి మూడు విడతలుగా ఇస్తామన్నాము. వద్దన్నారు. మేము పట్టుబట్టాము. మొత్తం ఖర్చు టైల్స్‌కు వేసిన అంచనాలో మూడోవంతుకు కూడా రాలేదు గనుక అది మాకు పెద్ద భారం కాలేదు.

పని ఆరు రోజులు సాగింది. మొదటి రోజంతా కడగడమే. రెండో రోజు అతుకులలోని ఒండ్రును సన్నని ఉలితో గీకి తీశారు. కుంగిన బండలను ఎత్తి, కింద ఇసుక, సున్నం సరిచేసి మట్టం చూసి కూర్చోబెట్టారు. మూడో రోజు నుంచి యంత్రం. ఒక చేత్తో యంత్రాన్ని నడిపిస్తూ మరో చేత్తో నీళ్ల గొట్టం పట్టుకొని మిస్త్రీ గోడ నుంచి గోడకు నెమ్మదిగా తిరుగుతుంటే, ఆయన కొడుకు రొచ్చును రబ్బరు తెడ్డుతో ఒకవైపుకు లాగి బొక్కెనలకు ఎత్తేవాడు. దాన్ని డ్రైనేజీలోకి వదలనివ్వలేదు. ఆరితే గచ్చులా గట్టిపడి కాలువను మూసేస్తుందట. మిహ్రాబు మూలలలోకి యంత్రం పోదు. అక్కడ చేతిరాయితో విద్యార్థులు రుద్దారు. యాసిడ్ పోసిన ఆ ఇద్దరూ అందరికన్నా ఎక్కువ రుద్దారు.

ఆ రొచ్చునీరు బట్టలకు అంటితే నమాజు అవుతుందా అని ఒక విద్యార్థి అడిగాడు. రాతిపొడి, నీరు రెండూ పాకమైనవే, అభ్యంతరం లేదని చెప్పాము. ఆ సందర్భంలోనే, హనఫీ ఫిఖహ్ ప్రకారం నేలలో స్థిరంగా అమర్చిన రాయి నేలతో సమానమని, అపవిత్రత తగిలినా ఆరిపోయి దాని జాడ, వాసన పోతే ఆ చోట నమాజు చేయవచ్చునని, అయితే తయమ్ముమ్‌కు అది చాలదని పాఠం కూడా నడిచింది. ఆ ఆరు రోజులూ జమాఅత్ మదరసా ఆవరణలో, మట్టినేల పైన జరిగింది. రెండో రోజు రాత్రి చినుకులు పడి కొందరి నుదుళ్లకు మట్టి అంటింది. ఖర్జూరపు మట్టల కప్పు నుంచి వాన కారగా, రమజాను రాత్రి బురదలో సజ్దా చేసి లేచిన ప్రవక్త (స) నుదుటిపై మట్టిజాడను సహాబాలు చూసిన సంగతిని ఆ పూట విద్యార్థులకు గుర్తు చేశాము.

400 అంకె ముగిసేసరికి కుర్రవాళ్లకు ఉత్సాహం వచ్చింది. అద్దంలా మెరిసేదాకా పోదామన్నారు. మిస్త్రీ కూడా సిద్ధమే. చివర ఆక్సాలిక్ పొడి చల్లి రుద్దితే మెరుపు లేస్తుందన్నారు. అది కూడా ఆమ్లమే గదా అని మేము ఉలిక్కిపడ్డాము. ఆమ్లమే, కానీ అది సున్నపురాతితో కలిసి నీటిలో కరగని పదార్థంగా మారి, రాపిడికి మెరుస్తుంది. విషపదార్థం కాబట్టి చేతికి తొడుగు లేకుండా ముట్టరాదు, పిల్లలకు అందనివ్వరాదు. మేము వద్దన్నాము. అందుకు ఆ విషం ఒక్కటే కారణం కాదు. నమాజులో ధ్యాస మళ్లించిందని ప్రవక్త (స) తమ చారల దుప్పటిని అబూ జహ్మ్ (రజి)కు పంపివేసి, సాదా దుప్పటిని తెప్పించుకున్నారు. సజ్దాలోకి పోతూ మన గడ్డాన్ని మనమే నేలలో చూసుకొనేంత మెరుపు మస్జిదుకు ఎందుకు? తడి కాళ్లతో వచ్చే వృద్ధులు జారిపడే ప్రమాదం వేరే ఉంది. లోపల 400 దగ్గర ఆపించాము. వుజూ చేసే చోట, అక్కడినుంచి గుమ్మం దాకా 120 దగ్గరే ఆపించి గరుకుగా ఉంచాము. పైన మెరుపు కోసం పూసే వార్నిష్ వంటివి ఏవీ వేయనివ్వలేదు. పాత కట్టడాలలో నేల కింది చెమ్మ బండలోంచే పైకి ఆరాలి, పూత వేస్తే లోపలే నిలిచి పొరలు పొరలుగా లేస్తుందని మిస్త్రీ మాట.

ఏడో రోజు జుహర్‌కు లోపల సఫ్‌లు నిలిచాయి. నేల పాత రంగులోకి వచ్చింది. ఉత్తరపు గోడ వారగా వరద చారలు రెండు మూడు లోతుగా దిగి ఉండి, పలచగా మిగిలాయి. మొదటి సఫ్ బండలు మిగతా వాటిలాగే ఉన్నాయి. ముందు అక్కడ పాదాలు ఆనే చోట చేతికి తెలిసే చిన్న వాలు, ఆ వేరైన నునుపు ఉండేవి. అవి లేవు. ఆ చోటనే ఏళ్ల తరబడి నిలబడే ఒక వృద్ధుడు సలాం తిప్పిన తరువాత అరచేత్తో బండను రెండుసార్లు తడిమి చూశారు. మాతో ఏమీ అనలేదు.

మస్జిదు సామాను గదిలో ఇప్పుడు మెత్తని చీపురు, రెండు బొక్కెనలు, పులుపూ ఘాటూ లేని సాదా సబ్బుద్రావణం ఉన్నాయి. మిగిలిన మూడు సీసాల యాసిడ్‌ను మువజ్జిన్ సాహెబ్ మరుగుదొడ్ల దగ్గరి అలమరలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది. మేము అడగలేదు, ఆయన ఇవ్వలేదు.